భానుమతి రామకృష్ణ: నటి నిర్మాతై, దర్శకురాలైన కథ – తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా పుట్టినరోజు సెప్టెంబరు 7న, వర్ధంతి డిసెంబరు 24న నేను భానుమతి గారి గురించి ఏదో ఒకటి రాస్తుంటాను. రాసిన ప్రతిసారీ అవే సందేహాలు వస్తాయి. భరణి అంటే ఎవరు, మిస్సమ్మ గొడవేంటి, ఆవిడ నిజంగా డైరెక్షన్ చేశారా లేక పేరు మాత్రం వేసుకున్నారా అని. విడివిడిగా జవాబులు రాసీ రాసీ చెయ్యి నొప్పెట్టి, అన్నీ ఒకచోట పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి.

## తొలి రోజులు

ఈవిడది ఏ ఊరు? సినిమాల్లోకి ఎలా వచ్చారు?

ఒంగోలు దగ్గర దొడ్డవరం. పుట్టింది 1925లో. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్య గారికి సంగీతమంటే ప్రాణం. కూతురికి మొదటి గురువు ఆయనే. ఆవిడకు సినిమా తలుపు తెరిచింది ఆ పాటే. అప్పట్లో ప్లేబ్యాక్, అంటే ఒకరు పాడితే ఇంకొకరు తెర మీద పెదవి కదపడం, ఇంకా స్థిరపడలేదు. తెర మీద కనబడాలంటే పాడటం రావాల్సిందే. అలా పదమూడు, పద్నాలుగేళ్ళ వయసులో సి. పుల్లయ్య గారి ‘వరవిక్రయం’ (1939)లో వేషం దొరికింది.

మొదటి సినిమాలో వేసింది హీరోయిన్ వేషమేనా?

కాళ్ళకూరి నారాయణరావు గారి నాటకం తెలిసినవాళ్ళకు కాళింది ఎవరో చెప్పనక్కర్లేదు. కట్నం ఇచ్చి మొగుణ్ణి కొనుక్కోవడం ఇష్టంలేక ప్రాణం తీసుకునే పిల్ల. ఆ పాత్రే భానుమతి గారిది. చెల్లెలు కమలగా పుష్పవల్లి. పదిహేడేళ్ళ తర్వాత ఇదే కాళ్ళకూరి వారి ‘చింతామణి’ని సొంత బ్యానరు మీద తీసి, టైటిల్ వేషం తనే వేశారు. ఏ రచయిత మాటలతో తెరకెక్కారో, ఆ రచయిత నాటకానికే నిర్మాత అయ్యారన్నమాట.

పెళ్ళయ్యాక సినిమాలు మానేద్దామనుకున్నారట, నిజమా?

నిజమే. ‘కృష్ణప్రేమ’ (1943)కు అసిస్టెంట్ డైరెక్టరుగా పనిచేసిన పి.ఎస్. రామకృష్ణారావు గారిని ఇష్టపడి అదే ఏడు పెళ్ళి చేసుకున్నారు. పెద్దలు కుదిర్చిన సంబంధం కాదు, తండ్రికి ఇష్టమూ లేదు. ఆ తర్వాత ఇల్లు చూసుకుంటూ ఉండిపోదామనుకున్నారు. బి.ఎన్. రెడ్డి గారు ‘స్వర్గసీమ’ కథ పట్టుకొచ్చి ఒప్పించారు. ఆయన పట్టు పట్టకపోతే ఈ పేజీ రాయాల్సిన అవసరమే ఉండేది కాదు.

‘స్వర్గసీమ’ పాట ‘ఓహోహో పావురమా’లో అంత ప్రత్యేకత ఏముంది?

ఒకసారి కళ్ళు మూసుకుని వినండి. 1945 నాటికి హీరోయిన్ పాటంటే రాగం, సంగతి, మర్యాద. ఇక్కడ గొంతు ఆటలాడుతుంది. ‘ఓహోహో’ అనే ఆ సాగదీతలో కవ్వింపు ఉంది, తాను కవ్విస్తున్నానని తెలిసిన ధీమా కూడా ఉంది. పెళ్ళయిన మగవాణ్ణి సంసారం నుంచి లాక్కెళ్ళే పాత్ర అది. ఎదురుగా ఉన్నది సాక్షాత్తూ నాగయ్య గారు. ఆ పాట విన్నవాళ్ళెవరూ ‘ఎవరీ అమ్మాయి’ అని అడక్కుండా ఉండలేదు. మా అమ్మమ్మ దీన్ని వంటింట్లోనే, అదీ తాతయ్య బయటికి వెళ్ళాకే పాడుకునేది.

## నిర్మాతగా

భరణి అంటే ఎవరు? దేవత పేరా?

కాదు, వాళ్ళబ్బాయి పేరు. ఒక్కడే కొడుకు. ఆ పేరుతోనే భరణి పిక్చర్స్ పెట్టారు. తర్వాత మద్రాసు సాలిగ్రామంలో కట్టిన స్టూడియోకు కూడా అదే పేరు. తెలుగు సినిమాలో నటి ఒక స్టూడియోకు యజమానురాలు కావడమంటే ఏమిటో ఇప్పటివాళ్ళకు చెప్పడం కష్టం. ఫ్లోరు మీది, కాల్షీటు మీది, ఆలస్యమైతే నష్టమూ మీదే.

భరణి వాళ్ళు తీసిన సినిమాలు ఏవి?

మొదటిది ‘రత్నమాల’ (1948). ఆ తర్వాత లైలా మజ్ను (1949), ప్రేమ (1952), చండీరాణి (1953), చక్రపాణి, విప్రనారాయణ (రెండూ 1954), చింతామణి (1956), వరుడు కావాలి (1957), బాటసారి (1961), వివాహబంధం (1964). ముఖ్యమైనవి ఇవి.

ఈ వరసలో నాకు ముచ్చటగా అనిపించేది ఒకటుంది. ఒక ఫార్ములా దొరికింది కదా అని దాన్నే పట్టుకు వేలాడలేదు. అరబ్బు ప్రేమకథ తర్వాత జానపదం, పిసినారి ముసలాడి హాస్యం పక్కనే ఆళ్వారు భక్తి, శరత్ నవల తర్వాత బెంగాలీ సంసార కథ. ‘లైలా మజ్ను’ తీసిన వాళ్ళే ‘చక్రపాణి’ తీశారంటే నమ్మబుద్ధి కాదు.

భర్త డైరెక్టరు, భార్య నిర్మాత. అసలు పెత్తనం ఎవరిది?

ఈ ప్రశ్న అడిగే పద్ధతిలోనే కాస్త ఎకసెక్కం ఉంటుంది. భరణి సినిమాల్లో ఎక్కువ వాటికి దర్శకుడు రామకృష్ణారావు గారే. షాట్ ఆయనది. కథల ఎంపిక, సంగీతం దగ్గర కూర్చోవడం, తన పాత్ర ఎలా ఉండాలన్నది ఆవిడది. ఆయన మెతక మనిషని, ఈవిడ గట్టి మనిషని ఊరంతా అనుకునేది. బయటి బ్యానరుకు ఆయన ‘ఆత్మబంధువు’ (1962) లాంటి మంచి సినిమా చేశారు కనుక, భార్య చాటు దర్శకుడు అనేసి ఊరుకుంటే ఆయనకు అన్యాయం చేసినట్టే.

ఆ రోజుల్లో మిగతా హీరోయిన్లు కూడా సినిమాలు తీశారు కదా? ఈవిడ గొప్పేంటి?

తీశారు, నిజం. కన్నాంబ గారు భర్త కడారు నాగభూషణం గారితో కలిసి రాజరాజేశ్వరి బ్యానరు నడిపారు. రామారావు గారు తొలిసారి తెర మీద కనబడిన ‘మనదేశం’ (1949) నిర్మాత నటి కృష్ణవేణి గారు. అంజలీదేవి, ఆదినారాయణరావు గార్లు ‘అనార్కలి’ (1955) తీశారు. మొగుడూ పెళ్ళాల కంపెనీ అప్పట్లో వింత కాదు.

వాళ్ళ పేరు చాలావరకు నిర్మాత దగ్గర ఆగింది. భానుమతి గారు అక్కడ ఆగలేదు. ఒకే మనిషి నిర్మాత, దర్శకురాలు, కథానాయిక, గాయని, కొన్నిటికి సంగీత దర్శకురాలు కూడా. మగవాళ్ళలో వెతికినా ఇలాంటివాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. నటిస్తూ, పాడుతూ, ‘త్యాగయ్య’ (1946) నిర్మించి దర్శకత్వం వహించిన నాగయ్య గారు చప్పున గుర్తొస్తారు.

భరణిలో హీరో ఎక్కువగా నాగేశ్వరరావేనా, రామారావా?

ఎక్కువగా నాగేశ్వరరావు గారే. లైలా మజ్ను, ప్రేమ, చక్రపాణి, విప్రనారాయణ, బాటసారి ఆయనవే. రామారావు గారు చండీరాణి, చింతామణి, వివాహబంధం చేశారు. ‘వరుడు కావాలి’కి తెలుగులో జగ్గయ్య, తమిళంలో శివాజీ గణేశన్.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. 1941లో ‘ధర్మపత్ని’లో హీరోయిన్ భానుమతి. అందులోనే ఒక చిన్నపాటి వేషంలో తొలిసారి తెర మీద కనబడిన కుర్రాడు అక్కినేని. ఎనిమిదేళ్ళకు ఆవిడ సొంత సినిమాలో ఆవిడ లైలా, ఆయన మజ్ను.

## దర్శకురాలిగా

తెలుగులో మొదటి మహిళా దర్శకురాలు ఈవిడేనా?

అవును, ‘చండీరాణి’ (1953)తో. దక్షిణాదిలో మొదటావిడ మాత్రం కాదు. తమిళంలో టి.పి. రాజలక్ష్మి 1936లోనే ‘మిస్ కమల’ తీశారు. దేశం మొత్తం మీద 1926లోనే ఫాత్మా బేగం ఉన్నారు. తెలుగులో తర్వాత సావిత్రి ‘చిన్నారి పాపలు’ (1968), ఆ తర్వాత విజయనిర్మల వచ్చారు. విజయనిర్మల గారి రికార్డు సంఖ్యది, 44 సినిమాలు. భానుమతి గారిది ముందు నడిచిన రికార్డు. రెంటినీ పోటీ పెట్టి కొట్టుకోవద్దని మనవి.

‘చండీరాణి’ని మూడు భాషల్లో ఎలా తీశారు? డబ్బింగేనా?

డబ్బింగ్ కాదు. తెలుగు, తమిళం, హిందీ మూడింటినీ కలిపి తీశారు. కవలపిల్లల కథ. ఒకతె అంతఃపురంలో, ఇంకొకతె అడవిలో పెరుగుతారు. రెండూ ఈవిడే. హీరో రామారావు గారు.

ఇలాంటి సినిమా పని ఎలా ఉంటుందో ఒకసారి ఊహించండి. సెట్టు వేస్తారు, లైట్లు పెడతారు. తెలుగు టేక్ అయ్యాక కెమెరా కదలకుండానే అదే ముక్క తమిళంలో, ఆ తర్వాత హిందీలో. పెదవి కదలిక మారుతుంది, మాట పొడవు మారుతుంది, విరుపు మారుతుంది. దానికి తోడు ద్విపాత్రాభినయం. అంటే ఒకే షాటుకు ఆవిడ రెండు వేషాల్లో, మూడు భాషల్లో నిలబడాలి. కట్ చెప్పాల్సిందీ ఆవిడే. మొదటిసారి డైరెక్షన్ చేసేవాళ్ళెవరైనా చిన్న కథ ఎంచుకుంటారు. ఈవిడ ఎంచుకున్నది ఇది! ధైర్యమనండి, మొండితనమనండి, మీ ఇష్టం.

ఈ సినిమాకు సంగీతం మొదలుపెట్టిన సి.ఆర్. సుబ్బురామన్ 1952లో కన్నుమూశారు. మిగిలిన పని ఆయన శిష్యుడు ఎం.ఎస్. విశ్వనాథన్ పూర్తిచేశారు. ‘ఓ తారకా.. నవ్వులేలా’ ఇందులోదే.

అంత పని చేశాక మళ్ళీ చాలా ఏళ్ళు డైరెక్షన్ ఎందుకు చెయ్యలేదు?

1953 తర్వాత తెలుగులో మళ్ళీ 1972లో ‘అంతా మన మంచికే’. మధ్యలో పంతొమ్మిదేళ్ళు. నా అంచనా చెబుతాను. ఇంట్లో దర్శకుడు ఉన్నాడు, భరణి సినిమాలు ఆయన చేస్తున్నారు. ఈవిడ చూస్తే తెలుగు, తమిళం రెండింట్లోనూ తీరిక లేని స్టారు. ఎం.జి.ఆర్. పక్కన మలైక్కళ్ళన్, అలీబాబా, మదురై వీరన్, నాడోడి మన్నన్ లాంటివన్నీ ఆ రోజుల్లోవే. నటిగా గిరాకీ ఉన్నన్నాళ్ళూ దర్శకత్వానికి ఏళ్ళు కేటాయించాల్సిన పని లేదు. హీరోయిన్ వయసు దాటాక, ఇండస్ట్రీ ఆవిడ కోసం రాయగలిగే పాత్రలు తగ్గాక, తనకు కావలసిన పాత్ర తనే తయారుచేసుకోవడానికి మెగాఫోన్ మళ్ళీ పట్టుకున్నారు.

డెబ్బైల్లో తీసినవి ఏవి? చూడదగ్గవేనా?

అంతా మన మంచికే (1972), విచిత్ర వివాహం (1973), అమ్మాయి పెళ్ళి (1974), మనవడి కోసం (1977). ఆ పైన 1980లో రచయిత్రి, ఒకనాటి రాత్రి.

నిజం చెప్పాలంటే ఇవన్నీ ‘విప్రనారాయణ’ స్థాయివి కావు. కొన్ని సన్నివేశాలు నాటకంలా సాగుతాయి. వాటిలో కథను నడిపించేది మాత్రం నడివయసు ఆడమనిషి. హీరో తల్లిగా ఏడ్చి మూల కూర్చునే మనిషి కాదు, ఇంట్లో నిర్ణయాలు తీసుకునే మనిషి. తెలుగు సినిమా అప్పుడు ఈస్ట్‌మన్ కలర్‌లో కుర్ర హీరోయిన్ల వెంట పరిగెడుతోంది. ఈవిడ ఆ పరుగులో చేరలేదు.

అందరూ పిల్లలే నటించిన సినిమా తీశారట?

‘భక్త ధ్రువ మార్కండేయ’ (1982). రాజు, రాణి, మునులు, అన్ని వేషాలూ పిల్లలవే. తర్వాతి రోజుల్లో పెద్ద నటి అయిన శోభన అప్పటికి చిన్నపిల్ల, ఇందులో కనిపిస్తుంది. అంతమంది పిల్లలకు కిరీటాలు పెట్టి, పద్యాలు నేర్పించి, మధ్యాహ్నానికి నిద్రొచ్చేవాళ్ళను లేపి షాటు తియ్యడం ఎంత పనో స్కూలు వార్షికోత్సవం నడిపినవాళ్ళనడగండి.

సంగీత దర్శకత్వం కూడా ఆవిడదేనా, లేక పేరు వేసుకున్నారా?

ఈ ‘పేరు వేసుకున్నారా’ అన్న అనుమానం ఆడవాళ్ళ విషయంలోనే ఎందుకొస్తుందో నాకు అర్థం కాదు. ‘చక్రపాణి’కి సంగీతం ఆవిడదే. తర్వాత ‘అమ్మాయి పెళ్ళి’కీ చేశారు. తన పాటలు తనే పాడుకున్న మనిషి, కర్ణాటక సంగీతం తండ్రి దగ్గర కూర్చుని నేర్చుకున్న మనిషి. తర్వాత తమిళనాడు ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా మూడేళ్ళు పనిచేశారు. అది పేరు చూసి ఇచ్చే కుర్చీ కాదు.

## గొడవలు, పుకార్లు

‘మిస్సమ్మ’ నుంచి ఎందుకు తప్పుకున్నారు?

మేరీ పాత్రకు మొదట తీసుకున్నది భానుమతి గారినే. కొన్ని రీళ్ళు షూటింగు కూడా అయింది. సెట్టుకు ఆలస్యంగా వచ్చారన్న దగ్గర నిర్మాత చక్రపాణి గారితో మాట పట్టింపు వచ్చింది. ఆ రోజు ఇంట్లో వరలక్ష్మీ వ్రతమని, క్షమాపణ రాసిమ్మంటే ఈవిడ ససేమిరా అన్నారని, తీసిన రీళ్ళు ఆయన తగలబెట్టేశారని చెప్పుకుంటారు. చివరికి ఆ వేషం సావిత్రికి వెళ్ళింది, 1955లో సినిమా విడుదలైంది, మిగతాది మీకు తెలిసిందే.

ఎవరిది తప్పని నన్నడగొద్దు. ఒక స్టూడియో నడిపే ఆవిడ, ఇంకో స్టూడియో నడిపే ఆయన ఎదురెదురుగా నిలబడితే తగ్గేదెవరు? ‘మిస్సమ్మ’ చూస్తున్నప్పుడల్లా ఆ విసుర్లు భానుమతి నోట ఎలా ఉండేవా అనుకుంటాను. సావిత్రి అలిగితే ముద్దొస్తుంది. భానుమతి అలిగితే రామారావు నిజంగానే భయపడేవాడేమో.

ఆవిడకు పొగరెక్కువని అంటారు. నిజమేనా?

పొగరంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి. వేషం నచ్చకపోతే వద్దనడం, డైలాగు తేలిపోతే మార్చమనడం, కుర్చీ వేసుకుని కాలు మీద కాలు వేసుకుని కూర్చోవడం... ఇవన్నీ హీరో చేస్తే ‘ఠీవి’ అంటాం. ఇంకొకరి కంపెనీలో జీతానికి కుదిరిన మనిషి కాదావిడ. సొంత బ్యానరు, సొంత స్టూడియో ఉన్నాయి కనుక కాదనగలిగారు. నిర్మాత కావడం వల్ల ఆవిడకు దక్కిన అసలు లాభం ఇదేనని నాకనిపిస్తుంది. లాభనష్టాల చిట్టా సంగతి తర్వాత.

కోపం మాత్రం ఉండేది. అది లేదని ఎవరూ అనలేదు, ఆవిడతో సహా.

## తర్వాతి రోజులు

రామారావు డైరెక్షన్‌లో కూడా చేశారా?

‘తాతమ్మ కల’ (1974). కథ, నిర్మాణం, దర్శకత్వం రామారావు గారివి. టైటిల్ పాత్ర, అంటే ముత్తవ్వ, భానుమతి గారిది. మునిమనవడిగా పరిచయమైన పిల్లాడు బాలకృష్ణ. 1953లో ఈవిడ కట్ చెబితే ఆగిన హీరో, ఇరవై ఒక్క ఏళ్ళకు తను కట్ చెప్పి ఈవిణ్ణి ఆపాడు. నటులు దర్శకులైన కథల్లో ఇలా అటూ ఇటూ జరిగినవి తక్కువ.

మాకు తెలిసింది ‘మంగమ్మగారి మనవడు’ భానుమతే. ఆ పాత్రకు అంత పేరెందుకొచ్చింది?

1984, కోడి రామకృష్ణ దర్శకత్వం, భార్గవ్ ఆర్ట్స్ సినిమా. ‘మణ్ వాసనై’ అనే తమిళ సినిమా దీనికి మూలం. హీరోగా బాలకృష్ణకు గట్టి పునాది వేసింది ఇదే. మంగమ్మ అరుస్తుంది, తిడుతుంది, మనవణ్ణి వెనకేసుకొస్తుంది. ‘శ్రీ సూర్యనారాయణా మేలుకో’లో వాణీ జయరాం గొంతు పక్కన అరవై ఏళ్ళకు దగ్గరపడుతున్న ఆవిడ గొంతు వినండి. పల్లెటూరి వాకిట్లో కళ్ళాపి చల్లుతూ పాడినంత తేలిగ్గా ఉంటుంది.

ఈ సినిమా తర్వాత ఆవిడ చుట్టూ బామ్మ, అత్తగారి కథలు రాయడం మొదలైంది. ‘బామ్మమాట బంగారుబాట’ (1990) ఆ కోవదే.

‘అత్తగారి కథలు’ నిజంగా వాళ్ళత్తగారి గురించేనా?

కథల్లో అత్తగారు ఛాదస్తురాలు, అమాయకురాలు, తన లోకంలో తానుండే మనిషి. కోడలు పక్కన నిలబడి చూస్తూ, నవ్వు ఆపుకుంటూ చెబుతుంది. ఎవరి ఇంట్లోంచి ఎంత తెచ్చి ఎంత కల్పించారో లెక్కలు తియ్యడం దండగ. ఆవకాయ పెట్టడం లాంటి ఇంటి పని కూడా ఆ చేతిలో పడితే పెద్ద యుద్ధకాండ అవుతుంది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ అవార్డు ఈ పుస్తకానికే. ఆత్మకథ ‘నాలో నేను’కు సినిమా మీద ఉత్తమ గ్రంథంగా జాతీయ అవార్డు వచ్చింది.

ప్రభుత్వం ఏమిచ్చింది?

1966లో పద్మశ్రీ, 2001లో పద్మభూషణ్, 1985కు రఘుపతి వెంకయ్య అవార్డు. ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చింది. తమిళనాడు కలైమామణి ఇచ్చింది. ఫాల్కే అవార్డు రాలేదు. ఎందుకు రాలేదని నన్నడిగితే ఢిల్లీ వైపు చూపిస్తాను.

భరణి సినిమాల్లో ముందు ఏది చూడమంటారు?

నవ్వుకోవాలంటే ‘చక్రపాణి’. ముసలి పిసినారిగా సి.ఎస్.ఆర్., మునిమనవడు పుడితేనే ఆస్తి అనే మెలిక, పక్కింటి పిల్లాణ్ణి తెచ్చి తన కొడుకని చూపించే భానుమతి. డెబ్బై ఏళ్ళు దాటినా ఎక్కడా నీరసపడదు. నటన చూడాలంటే ‘విప్రనారాయణ’. పంతానికి భక్తుణ్ణి లొంగదీసుకోవడానికి వచ్చిన దేవదేవి, ఆ పంతం నెగ్గాక తనే కరిగిపోయే చోట ఆవిడ కళ్ళు చూడండి.

సొంత బ్యానరు కాకపోయినా ‘మల్లీశ్వరి’ (1951) చూడకుండా ఈవిడ గురించి మాట్లాడటం కుదరదు. ఎడ్లబండ్ల మీద ‘పరుగులు తీయాలి’ అంటూ పందెం వేసే మల్లిని చూస్తే, రెండేళ్ళలో ఈ పిల్ల డైరెక్టర్ కుర్చీలో కూర్చుంటుందంటే ఆశ్చర్యం వెయ్యదు. పగ్గాలు అప్పటికే ఆ చేతుల్లో ఉన్నాయి.

చివరి రోజులు ఎలా గడిచాయి?

భర్త 1986లో పోయారు. ఆవిడ 1998లో వచ్చిన ‘పెళ్ళికానుక’ దాకా నటించారు. సాలిగ్రామంలో పేదపిల్లలకు ఉచితంగా చదువు చెప్పే బడి ఆవిడ పేరునే నడిచింది. 2005 డిసెంబరు 24న చెన్నైలో కన్నుమూశారు. ఎనభై ఏళ్ళు.